మూడో భాగం మనిషి

ఇతన్ని గుర్తుపట్టడం తేలిక. కొత్త ఆఫీసులో అడుగుపెట్టగానే అందరూ క్యాంటీన్ ఎటు, లిఫ్ట్ ఎటు అని చూస్తారు. ఇతను మాత్రం పైకి చూస్తాడు. ఏసీ గాలి వచ్చే డక్టు ఎక్కడుంది, దాని జాలీ ఊడదీస్తే మనిషి పడతాడా, పట్టినవాడు పాక్కుంటూ వెళ్తే ఎవరి గదిలో తేలతాడు అని లెక్క వేసుకుంటాడు. దొంగబుద్ధి ఏమీ లేదు పాపం. గార్డు కంట పడకుండా మేనేజర్ గదికి చేరడానికి కనీసం మూడు దారులుండాలనీ, ఒకటే దారి పెట్టాడంటే కట్టినవాడికి ఊహ లేదనీ అతని సిద్ధాంతం. నంబర్లు నొక్కే తాళం ఎక్కడ కనిపించినా వేలు దానంతటదే 0451 నొక్కేస్తుంది. అది ఏనాడూ తెరుచుకోలేదు, అతనూ ఏనాడూ మానలేదు.

ఇతను డ్యూస్ ఎక్స్ అభిమాని. మాంట్రియల్‌లో ఉంటాడు, ఆస్టిన్‌లో ఉంటాడు, ప్రాగ్‌లో ఉంటాడు. కూకట్‌పల్లిలోనూ ఉంటాడు. నలభై దాటి ఉంటాయి. ఆ వరుసలో కొత్త గేమ్ కోసం ఎదురుచూడటం ఇతని వృత్తి. ఖాళీ ఉన్నప్పుడు ఉద్యోగం చేస్తుంటాడు. నేను దగ్గరగా చూసిన నమూనా మా పిన్ని కొడుకు, నాకు అన్నయ్య వరస. ఇక మీదట ‘అన్నయ్య’ అంటే ఈ జాతి మొత్తం అనుకోండి. వాళ్ళలో తేడాలు తక్కువ.

తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు. 2000 జూన్‌లో అయాన్ స్టార్మ్ అనే కంపెనీ వాళ్ళ ఆస్టిన్ శాఖ, వారెన్ స్పెక్టర్ నాయకత్వంలో, మొదటి డ్యూస్ ఎక్స్ విడుదల చేసింది. కథాకాలం 2052. లోకమంతా అంతుపట్టని రోగం, దాని మందేమో పెద్దల గుప్పిట్లో. హీరో జేసీ డెంటన్ ఒంటి నిండా సూక్ష్మయంత్రాలు. ఐక్యరాజ్యసమితి పేరు పెట్టుకున్న ఒక దళంలో అతనిది ఉద్యోగం. ఆ దళం వెనక ఇంకో ముఠా, ఆ ముఠా వెనక మరో ముఠా, అన్నిటి వెనకా ఇల్యూమినాటి. మనం ఎవరి జీతం తింటున్నామో తెలిసేసరికి సగం గేమ్ అయిపోతుంది.

మనవాణ్ణి పడగొట్టింది కథ ఒక్కటే కాదు. తలుపు తాళం వేసి ఉంటే ఏం చేయాలో ఈ గేమ్ చెప్పదు. పేల్చెయ్, తాళం తియ్, ఎవడి జేబులోంచో కోడ్ కొట్టెయ్, పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి కిటికీ ఎక్కు, లేకపోతే డక్టులో దూరు, నీ ఇష్టం. పైగా నువ్వు చేసింది గుర్తుంచుకుంటుంది. మొదట్లో హెడ్డాఫీసులో తిరుగుతూ లేడీస్ బాత్రూమ్‌లోకి తొంగిచూస్తే, తర్వాత బాస్ గదికి వెళ్ళినప్పుడు ఆయన ఆ సంగతి ఎత్తి చీవాట్లు పెడతాడు. ప్రపంచాన్ని రక్షించాల్సినవాడికి ఆ చీవాట్లు! అన్నయ్య ఈ ముచ్చట చెప్పేటప్పుడు కళ్ళు తుడుచుకుంటాడు. పెళ్ళిచూపుల్లో వదినకు కూడా ఇదే చెప్పాడట. అప్పుడే లేచిపోవాల్సిందని వదిన ఇప్పటికీ అంటుంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. లోకంలో ఏదీ ఊరికే జరగదని ఈ గేమ్ అతనికి నూరిపోసింది. మొదటి ఘట్టంలో న్యూయార్క్ ఆకాశం కనిపిస్తుంది, అందులో జంట టవర్లు లేవు. గేమ్ వచ్చింది 2000లో, టవర్లు కూలింది 2001లో. మెమరీ చాలక బొమ్మ కుదించాల్సి వచ్చిందని తయారుచేసినవాళ్ళే చెప్పారు. అన్నయ్య ఆ మాట వింటాడు, తలూపుతాడు, ఓ నవ్వు నవ్వుతాడు. ‘మెమరీ అంట’ అంటాడు. ఆ నవ్వుకి నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా ఉండదు.

ఇలాంటి బుర్రకి ‘కబురేమీ లేదు’ అన్న కబురు అందిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. 2016 ఆగస్టులో ఆ వరుసలో మ్యాన్‌కైండ్ డివైడెడ్ వచ్చింది. ఆ తర్వాత దాని హీరో ఆడమ్ జెన్సన్ కథ ఒక్క అడుగు కదల్లేదు. మామూలు మనిషి అయితే కంపెనీ మరిచిపోయిందనుకుంటాడు. అన్నయ్య అలా అనుకోడు. ఇంతకాలం ఏమీ చెప్పడం లేదంటే చెప్పకూడనిదేదో ఉందన్నమాట. మాంట్రియల్‌లో ఆ గేమ్ తీసిన స్టూడియో 2018లో టూంబ్ రైడర్, 2021లో మార్వెల్ వాళ్ళ గార్డియన్స్ గేమ్ తీసింది. అన్నయ్య ఆ రెండూ కొన్నాడు. ఆడటానికి కాదు, గోడల మీది రాతలు జూమ్ చేసి చూడటానికి. ఎక్కడో ఒక త్రికోణం దొరికింది. దాంతో ఆరు నెలలు గడిచాయి.

గేమ్ తీసేది మాంట్రియల్‌లో, హక్కులేమో అప్పట్లో జపాన్ వాళ్ళవి. 2022 మేలో ఆ జపాన్ కంపెనీ స్టూడియోలను, పాత గేముల హక్కులను కలిపి 30 కోట్ల డాలర్లకు స్వీడన్‌లోని ఎంబ్రేసర్ గ్రూప్‌కు అమ్మేస్తున్నట్టు ప్రకటించింది. ఆ రోజు నుంచి అన్నయ్య స్వీడన్ ఆర్థిక వ్యవస్థ మీద పడ్డాడు. సొంత పేస్లిప్‌లో ఏ కోత ఎందుకు పడిందో చెప్పలేని మనిషి, కార్ల్‌స్టాడ్ అనే ఊళ్ళో ఉన్న కంపెనీ మూడు నెలలకోసారి విడుదల చేసే నివేదిక ముందేసుకుని కూర్చుంటాడు. ‘ఇదుగో చూడు, ప్రకటించని ప్రాజెక్టులు అని రాశాడు. ప్రకటించనివి అంటే ఏవిటి? ఉన్నాయనేగా?’ అంటాడు. నిజానికి ఆ పిచ్చిలో ఓ న్యాయం ఉంది. డ్యూస్ ఎక్స్‌లో సగం కథ ఎవరివో ఈమెయిళ్ళు దొంగతనంగా చదివితేనే తెలుస్తుంది. ఇతను ఇప్పుడు చేస్తున్నదీ అదే. ఎటొచ్చీ గేమ్‌లో ఆ మెయిళ్ళ చివర తలుపు కోడ్ ఉంటుంది, ఇక్కడ పన్నుల లెక్క ఉంటుంది.

ఆ స్వీడన్ కంపెనీ కనిపించిన స్టూడియోనల్లా కొంటూ పోయింది. నమ్ముకున్న 200 కోట్ల డాలర్ల ఒప్పందం ఒకటి 2023 మేలో చెడింది. అక్కణ్ణుంచి కోతలు. 2024 జనవరి చివర్లో మాంట్రియల్ స్టూడియో 97 మందిని తీసేసింది. రెండేళ్ళుగా లోపల తయారవుతున్న కొత్త డ్యూస్ ఎక్స్ కూడా ఆగిపోయిందని అదే రోజు వార్త. అంటే అన్నయ్య అనుమానమే నిజం! ఇన్నాళ్ళూ ఎవరూ నమ్మని రహస్య ప్రాజెక్టు నిజంగానే ఉంది, అది పోయాక బయటపడింది. గెలిచినందుకు మురవాలో, పోయినందుకు ఏడవాలో తెలియక రెండూ ఒకేసారి చేశాడు. ఆ సాయంత్రం ఓదార్చడానికి వెళ్ళిన నేను ‘పోనీలే అన్నయ్యా’ అనబోయాను. వదినే కలగజేసుకుంది. ‘ఆ 97 మంది సంగతేమిటండీ? ఈఎంఐలు ఉంటాయి కదా వాళ్ళకీ?’ అంది. అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. నిజంగానే బాధపడ్డాడు. ‘మళ్ళీ తియ్యాలంటే వాళ్ళందర్నీ ఎక్కడని వెతుకుతారు?’ అన్నాడు చివరికి.

ఈ మనిషికి వచ్చిన గేమ్ ఏదైనా నచ్చిందా అని మీరు అడగొచ్చు. అదో పెద్ద కథ. 2003లో రెండో భాగం ఇన్‌విజిబుల్ వార్ వచ్చినప్పుడు, అన్ని తుపాకులకూ ఒకే తూటాలు పెట్టారనీ, ఎక్స్‌బాక్స్‌లో పట్టించడానికి ఊళ్ళను గదులంత చేశారనీ గగ్గోలు పెట్టాడు. 2011లో మాంట్రియల్ వాళ్ళ మొదటి ప్రయత్నం, జెన్సన్ కథకు ఆరంభం, హ్యూమన్ రెవల్యూషన్ వచ్చింది. ముందుగా, వీళ్ళెవరు తీయడానికి అన్నాడు. తెరంతా పసుపు నీళ్ళు చల్లినట్టుందన్నాడు. బాస్ ఫైట్ల విషయంలో మాత్రం అతని పక్షమే నాదీ. అంతసేపూ ఎవరినీ చంపకుండా, నీడల్లో నక్కి, పిల్లిలా వచ్చిన మనిషిని ఒక గదిలో పెట్టి తలుపులు మూసి, తుపాకి పట్టు అంటే ఎలా? ఆ ఘట్టాలను బయటి స్టూడియో చేత చేయించారట. 2013లో వచ్చిన డైరెక్టర్స్ కట్‌లో అవి సరిదిద్దారు, ఆ పసుపు కూడా తగ్గించారు. తగ్గించగానే అన్నయ్య, ‘ఆ బంగారు రంగు ఏదిరా? ఆ గేమ్ ఆత్మే అది కదా!’ అన్నాడు. లోకంలో ఇలాంటి అన్నయ్యలు చాలామంది ఉండటంతో, పోయిన పసుపును తిరిగి తెప్పించే మాడ్ ఒకటి అభిమానులే తయారుచేసుకున్నారు. మొబైల్ కోసం వచ్చిన ద ఫాల్ సంగతి అతని ముందు ఎత్తకండి. ‘సశేషం’ అని ఆగి, అక్కడే నిలిచిపోయింది.

మ్యాన్‌కైండ్ డివైడెడ్‌కైతే, ముందుగా డబ్బు కట్టినవాళ్ళ సంఖ్య పెరిగేకొద్దీ బహుమతులు విప్పుతామనే పథకం పెట్టారు. అభిమానులు తిట్టిన తిట్లకి దాన్ని వెనక్కి తీసుకున్నారు. గేమ్ వచ్చాక ఇంకో రభస. ప్రాగ్ నగరం అద్భుతంగా ఉంది, కథ వేడెక్కింది, పెద్దవాళ్ళ గుట్టు బయటపడబోతోంది, అంతే, అయిపోయింది. పెళ్ళిభోజనంలో పెరుగన్నం రాకముందే విస్తరి ఎత్తేసినట్టు. ఆ రోజు అన్నయ్య దాన్ని సగం గేమ్ అన్నాడు. ఇవాళ దానంత గొప్పది లేదంటాడు. అందులోని పాలిసేడ్ బ్యాంకును ఎన్ని దారుల్లో దోచొచ్చో నిద్రలో లేపినా చెబుతాడు. సొంత బ్యాంకు లాకరు తాళం ఎక్కడ పెట్టాడో మాత్రం వదినని అడగాలి. ప్రాగ్ మెట్రోలో యంత్రాల చేతులు, కాళ్ళు ఉన్నవాళ్ళకు వేరే బోగీలుంటాయి. ఇతను పనిగట్టుకుని మామూలు మనుషుల బోగీయే ఎక్కుతాడు, దిగగానే పోలీసులు ఆపి కాగితాలడగాలని. చీవాట్లు పెట్టే గేమ్ అంటే ఇతనికి అదో మమకారం.

నాకు అర్థమైనంతవరకు, ఈ జాతికి కొత్త గేమ్ రావడం ఒక కష్టకాలం. వచ్చినదాన్ని తిట్టాలి, తిట్టినదాన్ని ఐదారేళ్ళు మాగబెట్టాలి, అప్పుడు గాని ప్రేమించడానికి పనికిరాదు. రాని గేమ్‌తో ఆ బాధ లేదు, ఇవాళే ప్రేమించొచ్చు.

ఆ ఇంట్లోనే ఇంకో మతం కూడా ఉంది. ఇంజనీరింగ్ చదివే అన్నయ్య కొడుకు సైబర్‌పంక్ 2077 పక్షం. అది 2012లో ప్రకటించి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2020 డిసెంబరులో బగ్గుల పుట్టగా విడుదల చేసిన గేమ్. సోనీ తన స్టోర్‌లోంచి ఆరు నెలలు తీసేసింది కూడా. పోలండ్ వాళ్ళు పట్టువదలకుండా దాన్ని బాగుచేసుకుని, 2023లో ఫాంటమ్ లిబర్టీతో పరువు దక్కించుకున్నారు. దాని రెండో భాగం తీస్తున్నామని 2022లోనే చెప్పేశారు. ‘మా వాళ్ళు చెప్పారు నాన్నా, ఆలస్యమైనా వస్తుంది’ అంటాడు కొడుకు. ‘చెప్పి ఎదురుచూపించడంలో గొప్పేముందిరా? ఏమీ చెప్పకపోయినా ఎదురుచూడాలి, అదీ భక్తి’ అంటాడు తండ్రి. ఇద్దరూ ఒకే గదిలో, చెరో హెడ్‌ఫోన్ పెట్టుకుని, చెరో చీకటి నగరంలో తిరుగుతుంటారు. వానపడే రోడ్లు, నియాన్ దీపాలు, దుర్మార్గపు కంపెనీలు ఇద్దరివీ ఒకటే. ఆ సంగతి ఎవరూ ఒప్పుకోరు.

2025 సెప్టెంబరులో ఓ మెరుపు మెరిసింది. డ్యూస్ ఎక్స్ అని ట్రైలర్ వచ్చింది. అన్నయ్య నాకు ఫోన్ చేసి ఊపిరి పీల్చాడు, మాట్లాడలేదు. తీరా చూస్తే జెన్సన్ కథలో మూడో భాగం కాదు, 2000 నాటి మొదటిదానికే కొత్త రంగులు. ఆ రంగులు కూడా అతనికి నచ్చలేదు. లోకంలో చాలామంది అన్నయ్యలకు నచ్చలేదు. దాని మీద తిట్లన్నీ రాసేశాక, పాతదే మేలని నిరూపించడానికి పాతది మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాడు. డ్యూస్ ఎక్స్ పేరు ఎవరు ఎత్తినా ఎక్కడో ఒకడు దాన్ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తాడని ఈ అభిమానుల్లో పాత మాటే ఉంది. అందుకే వదిన సమక్షంలో ఆ పేరు పలకొద్దని నాకు కట్టడి.

ఈ మధ్య అతన్ని ఒక లెక్క వేధిస్తోంది. హ్యూమన్ రెవల్యూషన్ కథ జరిగేది 2027లో. మ్యాన్‌కైండ్ డివైడెడ్ జరిగేది 2029లో. తీసినప్పుడు అవి సుదూర భవిష్యత్తు. ఇప్పుడు కరెంటు బిల్లు మీద కనిపించేంత దగ్గరి సంవత్సరాలు. మూడో భాగం వచ్చేసరికి అది చరిత్ర పాఠం అవుతుందేమోనని అన్నయ్య దిగులు. యంత్రాల చేతులు రాలేదు గాని, మన మెయిళ్ళు ఎవరో చదవడం, మందుల ధరలు ఎవరో తేల్చడం లాంటివి ముందే వచ్చేశాయి కాబట్టి, గేమ్ ఆలస్యానికి కంపెనీ దగ్గర సాకు లేదంటాడు.

పోయిన సేల్‌లో మ్యాన్‌కైండ్ డివైడెడ్ ఇంకో కాపీ కొన్నాడు. ఇంట్లో రెండున్నాయి. జనంలో గిరాకీ ఉందని పైవాళ్ళకి తెలియాలి కదా అని అతని వాదన. కార్డు స్టేట్‌మెంట్ చూసిన వదిన, ‘ఈ చిల్లరకి స్వీడన్ వాళ్ళు కదులుతారా అండీ?’ అంది.

‘ఒక్కడు కొంటే కదలరు. అందుకే నీ పేరు మీద అకౌంట్ తెరిచి అందులో కొన్నాను’ అన్నాడు.