అమ్మానాన్నలకు ఢిల్లీలో ఎనిమిది గంటలు ఇవ్వండి

అమెరికాలోనో కెనడాలోనో ఉంటున్న పిల్లలు అమ్మానాన్నలకు టికెట్ తీసేటప్పుడు ఢిల్లీలో విమానం మారడానికి గంటన్నర, రెండు గంటల వ్యవధి ఉన్నదాన్నే వెతుకుతారు. పాపం పెద్దవాళ్లు, అంతసేపు ఎక్కడ కూర్చుంటారని! నా సలహా దీనికి తలకిందులు. ఏడెనిమిది గంటల ఖాళీ ఉన్న టికెట్టే తీయండి. మీ అన్నదమ్ములు కాదంటారు. అననివ్వండి.

2010లో కామన్వెల్త్ క్రీడలకు ముందు తెరిచిన ఢిల్లీ విమానాశ్రయం టెర్మినల్ 3లో నడక చాలా ఎక్కువ. హైదరాబాద్ విమానం దిగాక ఇమిగ్రేషన్, సెక్యూరిటీ దాటి, దూరంగా ఉన్న గేటు చేరాలి. అమెరికా విమానమైతే గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉండొచ్చు. డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకు విమానాలు ఆలస్యమైతే ఆ గంటన్నర గాల్లోనే కరిగిపోతుంది. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉంటే తర్వాతి విమానంలో పంపడం ఎయిర్‌లైన్స్ బాధ్యతే. కానీ అర్ధరాత్రి కౌంటర్ ముందు నిలబడి, రాని హిందీలో ఆ మాట అడగాల్సింది అరవై ఏళ్లు దాటిన మీ అమ్మ. ఇక రెండు వేర్వేరు టికెట్లు తీసి, మొదటి విమానం టెర్మినల్ 1లో దిగితే, సామాను తీసుకుని కొన్ని కిలోమీటర్ల దూరంలోని టెర్మినల్ 3కి చేరుకోవాలి. అలాంటి టికెట్ అసలు వద్దు.

రెండో సలహా వింటే చాలామందికి కోపం వస్తుంది. మోకాళ్లు బాగున్నవాళ్లకు వీల్‌చెయిర్ పెట్టించకండి. నిజంగా నడవలేనివాళ్లు సహాయకుడి కోసం ఎదురుచూస్తూ ఉంటారు. వాళ్ల కుర్చీ మనం తీసుకోవడం అన్యాయం. పైగా కుర్చీలో వెళ్లినవాళ్లకు దారి తెలియదు, తిరుగు ప్రయాణంలోనూ భయమే. ఎనిమిది గంటలు చేతిలో ఉంటే మెల్లగా నడుస్తారు, అలసిపోతే కూర్చుంటారు, సూర్యనమస్కారాల శిల్పం దగ్గర ఆగి చూస్తారు. అక్కడక్కడా కదిలే నడకదారులున్నాయి. వాటి మీద అడుగు ఎలా వేయాలో ముందే చెప్పండి.

అన్నీ ఫోన్‌లో పెట్టి పంపకండి. ఈ విమానాశ్రయాన్ని నడిపేది జీఎంఆర్ నేతృత్వంలోని సంస్థ. జీఎంఆర్ అంటే గ్రంధి మల్లికార్జునరావుగారు, ఆయన సొంతూరు మన రాజామే. కానీ దారి చూపే బోర్డులు హిందీలో, ఇంగ్లిషులో ఉంటాయి. అందుకని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో విమానం నంబరు, బయల్దేరే టైము, మీ ఫోన్ నంబరు రాయించండి. కింద "నన్ను ఈ విమానం గేటుకు పంపండి" అని హిందీ, ఇంగ్లిషు రెండింటిలోనూ ఉండాలి. ఎవరికైనా చూపిస్తే చాలు.

ఆవకాయ వద్దని అమ్మతో వాదించకండి. గట్టిగా ప్యాక్ చేసి చెకిన్ సామానులో పెట్టమనండి, చేతి సంచిలో మాత్రం వద్దు. ఎండుకొబ్బరి చెకిన్‌లో కూడా పెట్టనివ్వరు. చేతి సంచిలో పులిహోర ఉండాలి.

ఓపికున్న దంపతులకైతే ఇంకో మాట. ఒకరోజు ముందే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరమనండి. పొగమంచు నెలల్లో రైళ్లూ ఆలస్యమే కాబట్టి అప్పుడు రెండు రోజులు ముందు. ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో కడుపునిండా భోంచేసి, న్యూఢిల్లీ స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఎక్కితే ఇరవై నిమిషాల్లో టెర్మినల్ 3 వస్తుంది. ట్రాఫిక్ భయం లేదు, ట్యాక్సీవాళ్లతో బేరం లేదు. రైల్లో పోయిన రోజును దండగ అనుకోకండి. రాత్రి హోటల్లో నిద్రపోయినవాళ్లు పదిహేను గంటల విమానాన్ని బాగా తట్టుకుంటారు.

ఈసారి టికెట్ బటన్ నొక్కే ముందు ఇంటికి ఫోన్ చేసి, ఢిల్లీలో ఎంతసేపు కావాలో అమ్మనే అడగండి.