ఈ గడియారం సూచనకు మాత్రమే

"సార్, ఐఎస్ఓ తీసుకుంటారా? జీఎస్టీ నంబరు, గేటు ఫొటో వాట్సాప్ చేయండి, ఎల్లుండికి సర్టిఫికెట్ మీ చేతిలో ఉంటది."

"మాకు ఉందండీ."

"అయితే 14001 చేద్దాం సార్. 45001 కూడా కలిపితే డిస్కౌంటిస్తా."

"మరి ఆడిట్?"

"అవన్నీ మీకెందుకు సార్, మేం చూసుకుంటాం."

కొన్నాళ్లుగా ఇదే గోల. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర బండి మీదున్నా వదలరు. తిట్టి పెట్టేద్దామంటే అబద్ధమాడే మనుషులు కూడా కారు. ఎల్లుండి అన్నారంటే ఎల్లుండికి ఇచ్చేస్తారు. నా మంటంతా అక్కడే. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో సగం గేట్ల మీద 'ఐఎస్ఓ 9001:2015 సర్టిఫైడ్ కంపెనీ' అన్న బోర్డు కనిపిస్తుంది. ఏది ఏడాది పొడుగునా రికార్డులు రాసి రాసి తెచ్చుకున్నదో, ఏది వాట్సాప్‌లో దిగిందో బోర్డు చూసి బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. టెండరు కాగితాలు చూసే గుమాస్తాకి రెండూ ఒకటే టిక్కు.

నిజానికి జెనీవాలో ఉన్న ఐఎస్ఓ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. 1987లో 9001 అనే ప్రమాణం రాసింది, 1994, 2000, 2008, 2015లో దిద్దింది, అంతటితో దాని పని సరి. మేం దాని ప్రకారం నడుస్తున్నామో లేదో చూసి కాగితం ఇచ్చేది సర్టిఫికేషన్ సంస్థ. ఆ సంస్థ సరిగ్గా చూస్తోందా అని చూసేది ఢిల్లీలో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉన్న ఎన్‌ఏబీసీబీ. ఎన్‌ఏబీసీబీని చూడ్డానికి మళ్లీ ఇతర దేశాల అక్రెడిటేషన్ బోర్డుల వాళ్లు దిగుతారు. ఇదంతా వివరిస్తే మా ఆవిడ, "అత్తగారికి అత్తగారు, ఆవిడకింకో అత్తగారు ఉన్న ఇంట్లో కోడలన్నమాట మీరు," అంది. అంతే. ఫోన్లు చేసేవాళ్లది అత్తల్లేని కాపురం. అక్రెడిటేషన్ స్వచ్ఛందమే కాబట్టి వాళ్లనడిగే నాథుడు లేడు.

మా కంపెనీకి ఎమ్మార్‌ని నేనే. మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్ ఉండి తీరాలన్న నియమాన్ని 2015 కూర్పులోనే ఎత్తేశారని ఓనరు గారికి చూపించాను. "వాళ్లెత్తేస్తే ఎత్తేయనీ. ఆడిటర్ అడిగితే జవాబు చెప్పడానికి మనకో మనిషుండాలి కదా," అన్నారు. ఆ మనిషిని ఇంకా ఎత్తేయలేదు.

మా ఆడిటర్ నిఖార్సయిన ఆడిటర్. సర్టిఫికెట్ గడువు మూడేళ్లయినా మధ్యలో ఏటా సర్వైలెన్స్‌కి వస్తాడు. పోయినసారి మైక్రోమీటర్లు, వెర్నియర్లు, వాటి కాలిబ్రేషన్ కాగితాలు అన్నీ చూసి, టీ తాగుతూ తల పైకెత్తి, "ఆ గడియారం కాలిబ్రేషన్ అయిందా?" అన్నాడు. సరదాకే అన్నాడేమో. ఆడిటర్ సరదాకి అన్నది మా ఓనరు గారికి సరదాగా వినపడదు. అదే సాయంత్రం గడియారం కింద స్టిక్కరు పడింది: 'సూచనకు మాత్రమే'.

మర్నాడు హెల్పరొకడు తీరిగ్గా పదింటికొచ్చాడు. ఇదేం టైమయ్యా అంటే గోడ చూపించాడు. "అది సూచనకే గద సార్." సగం పూట జీతం కోస్తానన్నాను. "కాలిబ్రేషన్ లేని గడియారం చూసి జీతమెట్ల కోస్తరు సార్? రేపు ఆడిటర్ అడుగుతడు," అన్నాడు. నేనిచ్చిన ట్రైనింగే, రిజిస్టరులో వాడి సంతకం కూడా ఉంది. పోనీ కాలిబ్రేషన్ చేయిద్దామంటే, దేశానికంతటికీ టైము చెప్పేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబరేటరీ. మా గడియారం వంశవృక్షం అక్కడిదాకా పాకాలి. ప్రస్తుతం ఉప్పల్ రింగు రోడ్డు ఫుట్‌పాత్ దాకా పాకి ఆగింది. పైగా జనం తొందరగా వస్తారని దాన్ని ఐదు నిమిషాలు ముందుకు తిప్పి పెట్టింది స్వయానా ఓనరు గారే. అంచేత అందులో ఉన్నది లోపం కాదు, మేనేజ్‌మెంట్ పాలసీ. తర్వాత స్టిక్కర్లు మిగిలిపోయాయని టీ చక్కెర తూచే కాటాకి ఒకటి, బంగారం కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరుకి ఒకటి, ఆఖరికి ఓనరు గారి బల్ల మీది స్కేలుకి కూడా అంటించారు. వినాయకుడి పటాన్ని మాత్రం వదిలేశారు. ఆయన ట్రేసబిలిటీ నేరుగా కైలాసం దాకా ఉంది.

ఇంతకీ ఈసారి ఆడిట్‌లో కొత్త ప్రశ్న వచ్చింది. 2024 ఫిబ్రవరిలో 9001కి చిన్న సవరణ కలిపారు: వాతావరణ మార్పు మీ సంస్థకి సంబంధించిన విషయమా కాదా మీరే తేల్చుకోవాలి. "మనం బుష్‌లు, షాఫ్టులు తిప్పుకునేవాళ్లం. మనకీ వాతావరణానికీ ఏం సంబంధం? సంబంధం లేదని రాసెయ్," అన్నారు ఓనరు గారు. రాయబోతుంటే లేత్ ఆపరేటర్ పక్కనుంచి, "మే నెల్ల మధ్యాహ్నం ఒకపారి షెడ్డుల నిలబడి రాయుండ్రి సార్," అన్నాడు.

మా షెడ్డు పైకప్పు సిమెంటు రేకులు. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర చెప్పుకోవాలని ఐఎస్ఓ 1 అంటుంది. లోహం 40 డిగ్రీలకి చేరితే 100 మిల్లీమీటర్ల ఉక్కు షాఫ్టు దాదాపు 23 మైక్రాన్లు పెరుగుతుంది. మా జాబుల్లో కొన్ని రిజెక్ట్ కావడానికి అది చాలు. అందుకని వేసవిలో కొలిచే ముందు జాబుని ఏసీ ఉన్న ఇన్‌స్పెక్షన్ గదిలో కొన్ని గంటలు ఉంచాలని ప్రొసీజరులో రాసుకున్నాం. రాసింది నేనే. ఎన్ని గంటలో, ఏ బల్ల మీదో కూడా ఉంది. ఆ షాఫ్టు తిప్పిన మనిషి, నెత్తిన తడి తువ్వాలుతో, పొద్దు వాలేదాకా రేకుల కిందే ఉంటాడు. ఇన్‌స్పెక్షన్ గది తలుపు మీద 'అనుమతి లేనిదే లోపలికి రారాదు' అని బోర్డు. దానికి డాక్యుమెంట్ నంబరుంది, రివిజన్ నంబరుంది. ఇన్నేళ్ల ఆడిట్లలో షెడ్డులో ఎంత వేడుందని ఆడిటర్ అడగలేదు, ఓనరు గారు అడగలేదు, నేనూ అడగలేదు. జెనీవాలో ఎవరో, మా నాచారం పేరైనా వినని వాళ్లు, రెండు వాక్యాలు కలిపితే తప్ప ఆపరేటర్‌కి నోరు తెరిచే సందు దొరకలేదు.

'సంబంధం ఉంది' అని రాశాను. ఉందని రాస్తే రిస్క్ రిజిస్టరులోకి ఎక్కించాలి. రిస్కు: షెడ్డులో వేడి. తీవ్రత: ఎక్కువ. చర్య: పైకప్పుకి టర్బో వెంటిలేటర్లు. బాధ్యత: ఎమ్మార్. టార్గెట్ తేదీ గడి దగ్గర పెన్ను ఆపి ఓనరు గారి వైపు చూశాను. ఆయన కొటేషన్ చూశారు, క్యాలెండరు చూశారు, "ఆన్‌గోయింగ్ అని రాయి," అన్నారు.

ఆడిటర్ చదివి, అవగాహన బాగుందని రిపోర్టులో మెచ్చుకున్నాడు.