సకలాంగులకూ ఒక సదరం క్యాంపు

2024 జూలైలో తెలంగాణలోని ఒక సీనియర్ ఐఏఎస్ అధికారి దేశం మొత్తాన్నీ నిలదీశారు. వైకల్యం ఉన్నవాళ్లకు విమానం నడిపే ఉద్యోగం ఇస్తారా, వైకల్యం ఉన్న సర్జన్‌ను నమ్మి కత్తి కింద పడుకుంటారా అని అడిగారు. ఐఏఎస్ అంటే ఊళ్లు తిరగాలి, పొద్దుపోయేదాకా పనిచేయాలి, జనం గోడు స్వయంగా వినాలి, అందుకు ఒంట్లో సత్తువ ఉండాలి, మరి ఇలాంటి ఉద్యోగంలో వైకల్యం కోటా దేనికి అని తేల్చారు. అప్పటికి మహారాష్ట్రలో ఒక ట్రైనీ అధికారి వైకల్యం సర్టిఫికెట్టు మీద గొడవ నడుస్తోంది. మన దేశంలో దొంగ డిగ్రీ దొరికితే యూనివర్సిటీలు మూసేయమని ఎవరూ అనరు. దొంగ నోటు దొరికితే రిజర్వు బ్యాంకును ఎత్తేయమని అనరు. వైకల్యం సర్టిఫికెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అనుమానం ఒకరి మీద, శిక్ష అందరికీ.

అయినా ఆ అధికారి చెప్పిన ఒక మాటతో నాకు పేచీ లేదు. పనికి తగిన సామర్థ్యం ఉందో లేదో పరీక్షించాల్సిందే. నా ఫిర్యాదల్లా ఆ పరీక్ష ఇప్పటిదాకా ఒక పక్షానికే జరుగుతోందని.

ముందు పైలట్, సర్జన్‌ల లెక్క తేల్చేద్దాం. సోవియట్ పైలట్ అలెక్సీ మరేస్యేవ్ విమానం 1942లో కూలింది. డాక్టర్లు రెండు కాళ్లూ మోకాళ్ల కింద తీసేశారు. మరుసటి ఏడే కొయ్యకాళ్లతో మళ్లీ యుద్ధ విమానం ఎక్కి శత్రు విమానాలను కూల్చాడు. ఆ కూలిన పైలట్ల ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు పక్కాగానే ఉండి ఉంటాయి. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదం వల్ల నడుము కింది భాగం చచ్చుబడింది. ఆ తర్వాత ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1972లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. దేశంలో ఎముక మజ్జ మార్పిడికి బాట వేసిన కాన్సర్ వైద్యుడు సురేశ్ అద్వానీది కూడా పోలియో, చక్రాల కుర్చీ. ప్రాణం మీదికి వచ్చినవాడు డాక్టరు హస్తవాసి చూస్తాడు గానీ నడక చూడడు. ఆ మాత్రం ఇంగితం రోగికి ఉంది, రూలు రాసినవాళ్లకు లేదు. ఎంబీబీఎస్‌లో చేరాలంటే రెండు చేతులూ చెక్కుచెదరకుండా ఉండాలని రాసుకున్నారు. ఆ రాతలో వికలాంగుల పట్ల చిన్నచూపు కంపు కొడుతోందని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇక ఊళ్లు తిరగడం. ఈ విషయంలో తెలంగాణ వాళ్లకు పాఠం చెప్పాల్సిన పని లేదు. పసితనంలోనే పోలియో వచ్చి చంకల్లో కర్రలతో నడిచిన సూదిని జైపాల్ రెడ్డి కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. 1980లో మెదక్‌లో ఏకంగా ఇందిరాగాంధీ మీదే పోటీకి దిగారు. తర్వాత కేంద్రంలో మంత్రిగా శాఖలు నడిపారు, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అనిపించుకున్నారు. ఫీల్డు అంటే ఎన్నికల ప్రచారాన్ని మించిన ఫీల్డు ఏదైనా ఉందా? ఆంధ్ర వైపు చూస్తే పుట్టుకతో చూపు లేని కట్టా సింహాచలం ఐఏఎస్ సాధించి, రంపచోడవరం ఐటీడీఏ ప్రాజెక్టు అధికారిగా కొండల్లోని ఏజెన్సీ ఊళ్ల బాధ్యత చూశారు.

మిగిలింది జనం గోడు స్వయంగా వినడం. ఇక్కడే నాకు నవ్వాగదు. ఎక్కడో ఉత్తరాదిన పుట్టి, పరీక్షలో ర్యాంకు తెచ్చుకుని, తెలుగు కేడర్‌కు వచ్చిన కొత్త అధికారికి ప్రజావాణిలో ముసలమ్మ పెట్టే మొర ఒక్క ముక్క అర్థం కాదు. పట్టాదారు పాసుపుస్తకం గురించి ఆమె అరగంట ఏడుస్తుంది. పక్కనున్న డిప్యూటీ తహసీల్దారు దాన్ని ఒక్క ఇంగ్లీషు వాక్యంలోకి కుదిస్తాడు. ఆ అధికారికి వినికిడి లోపం ఉందని ఎవరైనా అన్నారా? ఉద్యోగానికి పనికిరాడని ఇంటికి పంపారా? లేదు. ప్రభుత్వం తన ఖర్చుతో ముస్సోరీలో తెలుగు నేర్పింది, టైమిచ్చింది, పక్కన మనిషిని పెట్టింది. చాలా మంచి పని. అదే పని చెవులు వినపడని అధికారికి సైగభాష దుబాసీని పెట్టి చేస్తే మాత్రం ఖజానాకు బరువు, పాలనకు ఆటంకం.

అందుకే నా ప్రతిపాదన. సకలాంగులకు కూడా సదరం క్యాంపు పెట్టాలి.

సదరం అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులకు చెబుతాను. వైకల్యం ఉన్నవాళ్లు స్లాట్ కోసం ఎదురుచూసి, ఆటో కట్టించుకుని జిల్లా ఆస్పత్రికి పోయి, వరండాలో పడిగాపులు కాసి, చివరికి డాక్టరు ముందు తమకు లేనిది లేదని రుజువు చేసుకోవాలి. డాక్టరు ఒక శాతం రాస్తాడు. నలభై దాటితే సర్కారు లెక్కలో మీరున్నట్టు. ముప్పై తొమ్మిది అయితే మీ కాలు మీ ఇష్టం. ఇంత గొప్ప శాస్త్రీయ పద్ధతిని ఒక వర్గానికే పరిమితం చేయడం అన్యాయం.

క్యాంపులో మొదటి టోకెన్ చూపున్నవాళ్లకు ఇద్దాం. వీళ్ల వైకల్యం సాయంత్రం ఆరింటికి బయటపడుతుంది. దీపం లేకపోతే ఫైలు చదవలేరు, మెట్టు దిగలేరు. వీళ్ల కోసం ప్రతి ఆఫీసూ ప్రతి గదిలో లైట్లు వేసి నెలనెలా బిల్లు కడుతోంది. కరెంటు పోతే ఫ్లోరంతా ఫోన్ టార్చీలు వెతుక్కుంటుంది. చూపు లేని ఉద్యోగి ఒక్కడే ఇయర్‌ఫోన్ పెట్టుకుని, లాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపూ పని చేసుకుంటూ ఉంటాడు. రెండో టోకెన్ నడవగలవాళ్లకు. నాలుగో అంతస్తుకు మెట్లెక్కలేరు కాబట్టి వీళ్లకు లిఫ్టు కావాలి. రోజంతా నిలబడలేరు కాబట్టి కుర్చీ కావాలి, అదీ నడుం నొప్పి పుట్టని ఖరీదైన కుర్చీ. చక్రాల కుర్చీ ఉద్యోగి తన కుర్చీ తానే తెచ్చుకుంటాడు. కంపెనీకి అంత డబ్బు మిగిల్చినవాడు గుమ్మం దగ్గర చిన్న ర్యాంపు అడిగితే ‘బడ్జెట్ చూడాలి’ అంటారు.

మూడో టోకెన్ మేనేజర్లది. ఇదే అసలైన కష్టం కేసు. పొద్దున తాను చెప్పింది సాయంత్రానికి గుర్తుండదు. అందుకని ప్రతి మీటింగుకూ మినిట్స్ రాయడానికి ఒకరు, పదినిమిషాల ముందు గుర్తుచేయడానికి క్యాలెండర్ ఒకటి, అంకెలు బుర్రకెక్కడానికి రంగురంగుల స్లైడ్లు. ఇన్ని ఊతకర్రలతో నడిచే పెద్దమనిషి దగ్గరికి ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ ఉన్న అమ్మాయి వెళ్లి, ‘కారిడార్‌లో నోటితో చెబితే నాకు జారిపోతుంది సార్, ఒక్క మెయిల్ పెట్టండి’ అని అడిగితే, అప్రైజల్‌లో ‘ఆటిట్యూడ్ ప్రాబ్లం’ అని పడుతుంది. ఆటిజం ఉన్న కుర్రాడు ఓపెన్ ఆఫీసు రొద తట్టుకోలేక చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ‘టీమ్‌తో కలవడు’. అదే మేనేజరు తన గదికి అద్దాల తలుపు బిగించుకుని లోపల కూర్చుంటే ‘ఫోకస్’.

అసలు ఆ కుర్రాడు ఇంటర్వ్యూ దాటితే కదా అక్కడిదాకా రావడం. కళ్లలోకి సూటిగా చూడలేదు, చేయి గట్టిగా కలపలేదు, ‘మీ గురించి చెప్పండి’ అంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని ఎదురు ప్రశ్న వేశాడు. కోడ్ తప్పుల్లేకుండా రాశాడట, కానీ కాన్ఫిడెన్స్ లేదట. పెద్దల కళ్లలోకి చూసి మాట్లాడితే పొగరని తిట్లు తిని పెరిగినవాళ్లే హైటెక్ సిటీలో బల్లకు అవతల కూర్చుని, చూపు కలపని వాడికి వ్యక్తిత్వం లేదని తీర్పు చెబుతున్నారు. ఒకవేళ జాలిపడి తీసుకున్నా దానికో షరతు. ఆటిజం ఉంటే ఏ సినిమాలోలాగానో అంకెల మాంత్రికుడై తీరాలి. మామూలు తెలివితో మామూలుగా పనిచేసే హక్కు మామూలువాళ్లదే.

చట్టం వీళ్లను ఎలా చూసిందో కూడా కొంచెం చూడండి. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కోటా ఇచ్చింది. చూపుకు ఒకటి, వినికిడికి ఒకటి, కదలికకు సంబంధించిన వైకల్యాలకు ఒకటి. నాలుగో శాతంలో ఆటిజం, మేధో వైకల్యం, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు, మానసిక అనారోగ్యం, ఒకటికి మించిన వైకల్యాలు అన్నీ సర్దుకోవాలి. సంక్రాంతికి బయల్దేరిన జనరల్ బోగీలా ఉంటుంది ఆ ఒక్క శాతం. ఏడీహెచ్‌డీకైతే ఆ 21 పేర్లలో విడిగా చోటే లేదు, ప్లాట్‌ఫారం మీదే నిలబడాలి. మిగతా 96 శాతం సీట్లలో దర్జాగా కాళ్లు చాపుకున్నవాళ్లు ఆ నాలుగు శాతం వైపు చూసి మెరిట్ చచ్చిపోతోందని గుండెలు బాదుకుంటున్నారు.

ప్రైవేటు వాళ్లను అడిగితే ఖర్చు అంటారు. మంచిది, ఖర్చే మాట్లాడుకుందాం. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు ప్రోగ్రామర్లు మొదలుపెట్టారు. దాని ధర సున్నా. సర్క్యులర్‌ను ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టి, వంకరగా స్కాన్ చేసి బొమ్మగా పంపేబదులు టైపు చేసిన ఫైలునే పంపితే ఆ సాఫ్ట్‌వేర్ చదువుతుంది. దాని ఖర్చూ సున్నా, పైగా స్కానర్ ముందు ఒక మనిషి నిలబడే పని తప్పుతుంది. ఇంటర్వ్యూ ప్రశ్నలు కాగితం మీద ఇవ్వడానికి ఒక కాగితం చాలు. వీటికి లేని డబ్బు ఏటా డిసెంబరు 3న మాత్రం ఎక్కడినుంచో ఊడిపడుతుంది. ఆ రోజు ప్రపంచ వికలాంగుల దినోత్సవం. ఫ్లెక్సీ, బెలూన్లు, బయటినుంచి పిలిచిన మోటివేషనల్ స్పీకర్. వేదిక ఎత్తు మూడడుగులు, ర్యాంపు ఉండదు. సన్మానితుణ్ణి కుర్చీతో సహా నలుగురు పైకెత్తుతుంటే ఫొటోలు తీసి ‘ఇన్‌క్లూజన్’ అని లింక్డ్‌ఇన్‌లో పెడతారు. ఆ ఫొటోలో ఆయన ముఖం ఎవరూ చూడరు.

ఈ ర్యాంపుల కథ ఢిల్లీ దాకా ఉంది. భవనాలు, బస్సులు, వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చట్టం చెప్పింది. నియమాలు రాసినవాళ్లు ఆ ప్రమాణాలను పాటిస్తే మంచిది అన్నట్టుగా సలహాల్లోకి దింపేశారు. హైదరాబాద్ శివారు శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయం వాళ్లు దేశంలో పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చారు. దాన్ని ముందుపెట్టుకుని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ప్రమాణాలను అలా సలహాలుగా మార్చిన 15(1) నియమం చట్టానికే విరుద్ధమంది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తయారుచేయమంది. హెల్మెట్ తప్పనిసరి, సీటుబెల్టు తప్పనిసరి, మనిషి లోపలికి రావడం మాత్రం అప్పటిదాకా ఐచ్ఛికం.

మనం చప్పట్లకు మాత్రం లోటు చేయం. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్, పది తర్వాత సైన్సు గ్రూపు ఇవ్వమంటే కోర్టుకెక్కి సాధించుకోవాల్సి వచ్చింది. తర్వాత అమెరికా వెళ్లి ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, వికలాంగులకు ఉద్యోగాలిచ్చాడు. 2024లో ఆయన కథ హిందీ సినిమా అయింది. హాల్లో అందరూ కళ్లు తుడుచుకున్నారు. పదోతరగతి పాసైన పిల్లవాడికి కోరుకున్న గ్రూపు కోసం న్యాయస్థానం మెట్లెక్కే ఖర్మ ఎందుకు పట్టిందని అడగడం మాత్రం ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ క్యూలో మర్చిపోయారు. శ్రీకాంత్ పట్టుదలను పొగడటం సుఖం. ఆయనకు అడ్డుపడిన రూల్ లాంటిది మన ఆఫీసు మాన్యువల్‌లో ఏ పేజీలో ఉందో వెతకడం కష్టం.

సకలాంగ దర్పానికి ఇంకో చిక్కుంది. వైకల్యం సర్టిఫికెట్టు మీద కొన్నిసార్లు గడువు తేదీ ఉంటుంది. సకలాంగుల సర్టిఫికెట్టు మీద అది అచ్చువేయరు, గడువు మాత్రం ఉంటుంది. కునాల్ సింగ్ అనే కానిస్టేబుల్ ఉద్యోగంలో చేరినరోజు నిక్షేపంలాంటి ఫిట్. డ్యూటీలో తగిలిన గాయం వల్ల కాలు తీసేయాల్సి వచ్చింది, పనికిరావని ఇంటికి పంపారు. అలా పంపడం కుదరదు, వేరే పని చూపించైనా ఉంచుకోవాలని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటి చట్టంలోని ఆ రక్షణ 2016 చట్టంలోనూ ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద నూట ఇరవైలో పోతూ కోటాల మీద చర్చ పెట్టే సర్కారు ఉద్యోగులకు అవసరం పడితే అడ్డం నిలబడేది ఇదే చట్టం, వాళ్లను ఏ ఎగతాళి ట్వీటు గురించీ అడగకుండా.

నా క్యాంపుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వదని నాకు తెలుసు. ఇస్తే ముందు సచివాలయమే ఖాళీ అవుతుంది. ఈలోగా ఉద్యోగులు తమ కంపెనీకే ఫిట్‌నెస్ పరీక్ష పెట్టొచ్చు. ఆ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల పాలసీ ఉండాలి. ఇరవై మంది, అంతకుమించి పనిచేసే చోట దాన్ని చూసుకునే లైజన్ ఆఫీసర్ ఉండాలి. రేపు పొద్దున మీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి పాలసీ కాపీ, ఆ అధికారి పేరు అడగండి. రెండూ వస్తే సంతోషం. ‘అదేంటి?’ అని జవాబొస్తే దాన్ని భద్రంగా దాచండి. చట్టం మీరితే మొదటిసారి జరిమానా పదివేల దాకా, అంటే మీ టీమ్ లంచ్ బిల్లు. రెండోసారి నుంచి యాభైవేలకు తగ్గదు, ఐదు లక్షల దాకా పోవచ్చు. ఆ మెయిల్ మళ్లీ మళ్లీ పెడుతూనే ఉండండి.