ఊగనిదే జవాబు

మా కూచిపూడిలో నాట్యం నేర్పే పద్ధతి మరీ పాతది. గురువుగారు కర్రతో చెక్క మీద తాళం వేస్తారు. పిల్ల అరమండి లేచిపోతే కర్ర ఆగుతుంది. మళ్లీ మొదటి నుంచి. పచ్చ టిక్కు లేదు, రాలే చుక్కలు లేవు. సిద్ధేంద్రయోగికి ‘ఇంటరాక్టివ్ డిజిటల్ వర్క్‌షీట్’ తెలియక భామాకలాపానికి ఇంత శ్రమ పడ్డాడు. తెలిస్తే సత్యభామ జడను వేలితో లాగి తెర మీద పడేస్తే సరిపోయేది. చప్పట్లు వాటంతటవే మోగేవి.

మొన్న మా చెల్లెలి కూతురు ఫోనులో అలాంటి షీటు ముందు కూర్చుంది. రెండో తరగతి. ఆవు బొమ్మ, కింద మూడు అక్షరాలు: ఆ, ఈ, ఊ. సరైనదాన్ని బొమ్మ మీదికి లాగాలి. చకచకా లాగేసింది. పదికి పది! నేను మురిసిపోయి పలక చేతికిచ్చి ‘ఆ’ రాయమన్నాను. బలపం పట్టుకుని నా మొహంలోకి చూసింది.

“మరి ఇందాక ఎలా చెప్పావే?”

“తప్పుదైతే ఊగుతుంది మామయ్యా. ఊగనిదే జవాబు.”

ఈ రహస్యం ఆ షీటు తయారుచేసిన పంతులమ్మకు తెలియదు పాపం. ఆవిడ రాత్రి కూర్చుని బొమ్మలు వెతికి, పెట్టెలు గీసి, ఫాంటు మారగానే విడిపోయిన ఒత్తులను అతికించి, లింకు గ్రూపులో పెట్టి, ఎన్ని బొటనవేళ్లు లేచాయో లెక్కపెట్టుకుంది. ఆవిడకు రెండు గంటలు, పిల్లకు రెండు నిమిషాలు. ఇందులో అక్షరాలు దిద్దింది ఎవరు?

చుక్కల అక్షరం దిద్దించే షీట్లూ ఉన్నాయి. వేలు ఎటు నుంచి పోనిచ్చినా చుక్కలు నిండితే చాలు, షీటు శభాష్ అంటుంది. చెయ్యి పట్టుకుని దిద్దించే మనిషికైతే వంపు ఎక్కడ తడబడిందో వేళ్లకే తెలుస్తుంది.

2017లో డిజిటల్ పాఠాలకు దీక్ష పోర్టల్ వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు మొలిచాయి. బడులకు స్మార్ట్ టీవీలు నడిచొచ్చాయి. రానివ్వండి. ఒక్క టీచరే ఐదు తరగతులు నెట్టుకొచ్చే చోట, ఒక వరస పిల్లలకు వర్క్‌షీట్ అప్పజెప్పి ఇంకో వరసకు పాఠం చెప్పుకోవడం వరమే. వచ్చిన పాఠాన్ని మళ్లీ చేయించడానికి అది పనికొస్తుంది. రాని పాఠాన్ని వచ్చినట్టు చూపించడానికి ఇంకా బాగా పనికొస్తుంది. అందుకే కాబోలు, పిల్లలకు ఎన్ని అక్షరాలొచ్చాయని అడిగేవారి కంటే ఎన్ని షీట్లు చేశారని అడిగేవారే ఎక్కువయ్యారు. నేల విడిచి సాము అంటే ఇదే.

ఆ సాయంత్రం పలక మీద ‘ఆ’ దిద్దించాను. చెరిపేసి, సొంతంగా రాయమన్నాను. ఏదో గీసింది. అది ఆ కాదు, ఊ కాదు. పలక చూపిస్తూ నా వైపే రెప్ప వేయకుండా చూస్తోంది.

“ఏం చూస్తున్నావే?”

“నీ తల ఊగుతుందేమోనని.”