సంతకానికేం భాగ్యం

మా కాలిఫోర్నియా ఊళ్లో గుడి ముందు రోడ్డుకి సైకిల్ లేన్ వేశారు. ఆకుపచ్చ రంగు పూసి, ప్లాస్టిక్ గుంజలు పాతి, మధ్యలో సైకిల్ బొమ్మ గీశారు. ఆ బొమ్మ తప్ప ఇంకో సైకిల్ అటు పోగా నేను చూడలేదు. పోయిందల్లా పార్కింగే. శనివారం దర్శనానికొచ్చేవాళ్లు కార్లు రెండు వీధులవతల పెట్టి, పట్టుచీరల కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడిచొస్తూ, ఆ లేన్‌కి ఓటేసిన కౌన్సిల్ మెంబరుని వెంకటేశ్వరస్వామి కంటే ముందు తలుచుకునేవారు.

రీకాల్ ఉద్యమం అలా పుట్టింది. ఆంధ్రాలో ఏ పార్టీ గెలిచినా ఇక్కడ కేకు కోసే మా పక్కింటాయన నన్ను అందులోకి లాగాడు.

ఇక్కడ కౌన్సిల్ మెంబరుని దించాలంటే ఆవిడ పెద్ద నేరమేమీ చేసుండక్కర్లేదు. కారణం 200 మాటల్లో రాసిస్తే చాలు, అది సబబా కాదా అని అడిగే నాథుడు లేడు. ఆవిడ జవాబుకీ అదే కొలత. చిక్కంతా సంతకాల దగ్గరే. మా డిస్ట్రిక్ట్‌లాగా 10,000 నుంచి 50,000 లోపు ఓటర్లున్న చోట, 120 రోజుల్లో 20 శాతం మంది సంతకాలు పెట్టాలి. రిజిస్టరైన ఓటరే పెట్టాలి. పేరూ, ఇంటి అడ్రసూ తన చేత్తోనే రాయాలి.

ఇండియన్ స్టోర్ ముందు బల్ల వేశాం. కోపమున్నవాళ్లకి కొదవ లేదు, ఓటున్నవాళ్లకే కొదవ. అందరికంటే గట్టిగా తిట్టిన కుర్రాడు హెచ్‌వన్ వీసా మీద ఉన్నాడు. అతనికి గ్రీన్‌కార్డొచ్చి, ఆ తర్వాత పౌరసత్వమొచ్చేసరికి ఈవిడ మనవరాలు పోటీ చేస్తుంటుంది. పౌరసత్వమున్న ఒక పెద్దమనిషి పెన్ను అందుకుని, "ఇది రికార్డులో ఉండిపోతుందా అండీ?" అని అడిగి, కరివేపాకు మర్చిపోయానంటూ లోపలికి వెళ్లి వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు.

అంతలో మా మావయ్యగారు ఇండియా నుంచి దిగారు. మునిసిపాలిటీలో యూడీసీ గుమాస్తాగా రిటైరైన మనిషి. ఇక్కడ చేతికి ఫైలు తగలక నీరసించిపోయేవారు. పిటిషన్ చూడగానే మొహంలో కళొచ్చింది.

"దించడానికి జనాన్ని అడగడమేవిటి అల్లుడుగారూ! మన దగ్గర ఛైర్మన్ మీద అవిశ్వాసం పెట్టి, సభ్యుల్ని బస్సెక్కించి గోవా పంపుతారు. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయర్ని దించింది కార్పొరేటర్లేగా? ఓటర్లు టీవీలో చూశారు."

మధ్యప్రదేశ్ వాళ్లది కాస్త మేలన్నారు. అక్కడ ముప్పాతికమంది కౌన్సిలర్లు సంతకాలు పెట్టాక అధ్యక్షుడి సంగతి జనం దగ్గరికే పోతుంది. బ్యాలెట్ మీద ఒక ఖాళీ కుర్చీ, ఒక మనిషి కూర్చున్న కుర్చీ. దేనిమీద గుద్దుతారో మీ ఇష్టం. ఇన్ని ఎన్నికల గుర్తులు చూశాను గానీ, ఇంత సూటిగా మాట్లాడే గుర్తు ఇంకోటి లేదు.

నేనూ తగ్గదలుచుకోలేదు. ఈ రీకాల్ అమెరికా నగరాల్లో మొదట వచ్చింది 1903లో, మా లాస్ ఏంజెలెస్‌లోనేనని చెప్పాను. జాన్ ర్యాండాల్ఫ్ హేన్స్ అనే డాక్టరు పట్టుబట్టి తెప్పించాడు. మరుసటి ఏడే డావెన్‌పోర్ట్ అనే కౌన్సిలరు పదవి ఊడింది. సిటీ ప్రింటింగ్ కాంట్రాక్టు ఎక్కువ రేటు అడిగిన పత్రికకి కట్టబెట్టారన్న గొడవలో.

"ప్రింటింగ్ కాంట్రాక్టుకేనా?" అని మావయ్యగారు నోరు తెరిచారు. ఆ లెక్కన తను పనిచేసిన ఆఫీసులో ఏ కౌన్సిలూ పక్షం దాటేది కాదట.

సంతకాలు సరిచూసేది సిటీ క్లర్కని తెలిశాక ఆయనకి ఈ దేశం మీద గురి కుదిరింది. "క్లర్కుకి విలువున్న చోటండీ ఇది" అని, కళ్లజోడు తుడుచుకుని, చెల్లని సంతకాల జాబితా రాయడం మొదలెట్టారు. ఇంటి అడ్రసు రాయాల్సిన చోట పీవో బాక్స్ రాసినవాళ్లు. పక్క ఊరివాళ్లు. ఒకావిడైతే మొగుడి సంతకం కూడా తనే పెట్టేసింది. అదేమంటే, "ఆయన ఇంకా చుట్టూ తిరుగుతున్నారండీ, పార్కింగ్ దొరకలేదు" అంది. మా ఉద్యమానికి ఆ సంతకం కంటే న్యాయమైనది ఇంకోటి లేదు. అయినా మావయ్యగారు కొట్టేయాల్సిందేనన్నారు.

తర్వాతి శనివారం కౌన్సిల్ మెంబరే వచ్చింది. నమస్తే అంటూ, సరిగ్గా మా పక్కనే బల్ల వేసుకుంది. పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటానని, పిటిషన్ దాఖలయ్యేలోపు రాసిస్తే ఇక్కడ చెల్లుతుంది. ఆ కాగితాలు ఆవిడ ముందున్నాయి, పక్కన లడ్డూల పెట్టె. మొహమాటం మీద మేం కట్టిన మేడ మొహమాటానికే కూలడం నా కళ్లారా చూశాను. మా దగ్గర "దానికేం భాగ్యం" అని పెట్టినవాళ్లే రెండడుగులు వేసి, అక్కడా "దానికేం భాగ్యం మేడమ్" అన్నారు. ఒకాయన రెండుచోట్లా పెట్టి, లడ్డూ నములుతూ, "ఇంకెక్కడైనా పెట్టాలా?" అని నన్నే అడిగాడు.

పక్కింటాయన మండిపడుతుంటే, మావయ్యగారు లేచి ఆ బల్ల దగ్గరికి నడిచారు. గట్టిగా నాలుగు మాటలంటారనుకున్నాం. పై కాగితం తీసి వెలుతురుకి పట్టుకుని చూసి, "మేడమ్, డేట్ మిస్సింగ్" అన్నారు. ఆవిడ కుర్చీ జరిపింది. కట్ట మొత్తం ముందుకి లాక్కుని ఆయన కూర్చున్నారు.

నాలుగింటికి ఆయనకి టీ పడాలి. ఫ్లాస్కు మా బల్ల కింద ఉంది, పక్కింటాయన దానిమీంచి కాలు తియ్యడం లేదు.