పల్లె గానం పోస్టరుకు టీకా తాత్పర్యం

అవతారిక

మా మేనల్లుడు కోయంబత్తూరులో కొత్త ఇల్లు కట్టి, హాల్లో సోఫాకు పైన ఒక పోస్టరు తగిలించాడు. ఇల్లు కొత్తది, పోస్టరు పాతది అనుకునేరు. అదీ కొత్తదే, పాతదానిలా కనబడేట్టు అచ్చు వేసింది. ఆవపిండి రంగు కాగితం, ఇటుక ఎరుపు అక్షరాలు, నలుగురు వాయిద్యగాళ్లు. మాట తెలుగు, లిపి తమిళం. మా వైపు తెలుగు బతుకంతా అంతే, నోట్లో తెలుగు, పలక మీద తమిళం. విశ్వనాథ నాయకుడు 1529లో మదురై గద్దెనెక్కిన నాటి నుంచి లెక్కేస్తే అయిదొందల ఏళ్లకు దగ్గర పడుతోంది, ఇంకా ఇలాగే ఈదుకొస్తున్నాం.

గృహప్రవేశానికి వచ్చినవాళ్లలో తమిళం చదివినవాళ్లకు దాని అర్థం తెలియలేదు. అర్థం తెలియాల్సిన మా అవ్వకు చదువు రాదు. ఇటువంటి సందులోనే వ్యాఖ్యాత పుడతాడు. మెదక్ సీమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. నేనంత మాట ఇవ్వలేను.

మూలం

పల్లె గానం – దేవరాట్టం
ఉరుమి, తప్పు, నాదస్వరం
ఒక్క రాత్రి మాత్రమే
అందరూ రండి

టీక

పల్లె గానం = పల్లెటూరి పాట. ఇక్కడ పాఠభేదం ఉంది. తమిళ లిపిలో కకారానికీ గకారానికీ ఒకటే అక్షరం. కాబట్టి దీన్ని ‘పల్లె కానం’ అనీ చదవొచ్చు. పల్లె మాకు కనబడడం లేదు అని అర్థం. తమిళుల ‘కాణోం’ కూడా ఆ మాటే చెబుతుంది. ఏ పాఠం సాధువో ముందు తేలుతుంది.

దేవరాట్టం = దేవతల ఆట. రాజకంబళం నాయకర్లది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరికంబమెక్కిన వీరపాండ్య కట్టబొమ్మన్ వీళ్లవాడే. 1959 నాటి సినిమాలో శివాజీ గణేశన్ తెల్లదొర మీద తమిళంలో గర్జించాడు. ఆ పాలెగాడు ఇంట్లో అన్నం వడ్డించమని ఏ భాషలో అడిగాడో సినిమాకు అక్కర్లేకపోయింది. కాళ్లకు గజ్జెలు, చేతుల్లో రుమాళ్లు, వాయిద్యం వేగాన్ని బట్టి అడుగు. పాట ఉండదు.

శంక: పాటే లేనిదాన్ని గానమని ఎలా అంటారు?

సమాధానం: అనరు. కాబట్టి ‘కానం’ పాఠమే సాధువు.

ఉరుమి = నడుము సన్నగా, రెండు మూతులు వెడల్పుగా ఉండే వాయిద్యం. మన ఉరుముకు చుట్టమని నేనంటాను. ‘కాదు, తమిళంలో ఉఱుము అంటే గుర్రుమనడం, అందులోంచి వచ్చింది’ అని మా వియ్యంకుడు. అనంతపురం వైపు ఉరుముల నృత్యంలో వాయించేదాన్ని ఉరుమే అంటారు కదా అని నేను. ఈ వాదం కాఫీ వచ్చేదాకా సాగింది. నాయకర్లు దీన్ని దేవదుందుభి అంటారు. తమిళ నోట పడి అది దేవదుందుమి అయింది.

వాయించే తీరు చెప్పాలి, ఎందుకంటే పోస్టరు దాన్నే చెడగొట్టింది. ఒక మూతిని సన్న పుల్లతో కొడతారు. రెండో మూతిని కొట్టరు, వంకర పుల్లతో రాస్తారు. రాసినప్పుడు చర్మంలోంచి ఎద్దు మూలిగినట్టు ఒక బొంగురు ధ్వని లేస్తుంది. ఉరుమి ప్రాణం ఆ మూలుగులో ఉంది. పోస్టరులో రెండు పుల్లలూ స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి. మా అవ్వ కళ్లజోడు సర్దుకుని, ముక్కు గాజుకు తగిలేంత దగ్గరికి వెళ్లి చూసి, ‘ఇది ఉరుమి కాదురా, పెండ్లి డోలు’ అంది. వ్యాకరణం తెలియనివాళ్లు ఒక్కోసారి వ్యాఖ్యాత పని తేలిక చేస్తారు.

తప్పు = డప్పు. దోషమనే అర్థం కూడా ఆ మాటకే ఉంది గనుక ఇది శ్లేష. ఈ తప్పును తప్పుగా తీసుకోవడం తప్పు.

నాదస్వరం = స్పష్టం.

ఒక్క రాత్రి మాత్రమే = ఏ రాత్రి? తేదీ లేదు, వారం లేదు, ఊరు లేదు. మదురైలో మా పెదనాయన ఇంటి దగ్గర గోడకు అంటించే నాటకం నోటీసులు చూసినవాణ్ణి నేను. శంకరదాస్ స్వామిగళ్ 1918లో బాలుర నాటక సభ పెట్టింది ఆ ఊళ్లోనే. ఆ తరవాత పాతుకుపోయిన ‘స్పెషల్ నాటకం’లో కంపెనీ అంటూ ఉండదు. రాజును ఒక చోట, రాణిని ఒక చోట, బఫూన్‌ను ఇంకో చోట మాట్లాడుకుంటారు. అందరూ ఆ రాత్రే రంగం మీద కలుస్తారు. అందువల్ల నోటీసు మీద ఒక్కొక్కరి ఫొటో, ఫొటో కింద పేరు, పేరుకు ముందు ఒక బిరుదు తప్పనిసరి. హార్మోనియం ఎవరు, మృదంగం ఎవరు అన్నదీ వేసేవాళ్లు. అది మర్యాద మాత్రమే కాదు, వాళ్లకు వచ్చే వారం బేరం తెచ్చిపెట్టేది ఆ కాగితమే. అమెరికాలో, నాష్‌విల్‌లో, 1879 నుంచి చెక్క అక్షరాలతో పోస్టర్లు అచ్చేస్తున్న హాచ్ షో ప్రింట్ వాళ్ల కచేరీ పోస్టర్లలోనూ అందరికన్నా పెద్ద అక్షరాలు పాటగాడి పేరుకే. ఈ పోస్టరుకు పాతకాలపు మడతలున్నాయి, చెదలు తిన్న అంచు ఉంది. ఆ నలుగురి కింద పేర్లు కానం.

అందరూ రండి = సుగమం. కానీ అవ్వ దీనికీ ఒక ప్రశ్న వేసింది. ‘వీండ్లెవుర్రా? ఏ ఊరు?’ మేనల్లుడు సెల్‌ఫోనులో వెతికి, ‘జానపద కళాకారులు అవ్వా’ అన్నాడు. ‘అదేం పేరు?’ అంది అవ్వ.

అలంకారం

దోషమే గుణమయ్యే చోట్లు అలంకారశాస్త్రంలో ఉన్నాయి. పాత అచ్చులో ఒక్కో రంగునూ విడివిడిగా వేసేవారు. కాగితం వెంట్రుకవాసి జరిగితే ఎరుపు పెదవి దాటి చెంప మీదికి పాకేది. శివకాశి క్యాలెండర్లలో లక్ష్మీదేవికి కూడా ఆ తిప్పలు తప్పలేదు. అచ్చువాడు దానికి చీవాట్లు తినేవాడు. ఇప్పుడు అదే జరుగుడును కంప్యూటరులో కావాలని పెట్టి, పైన డబ్బులు పుచ్చుకుంటున్నారు. మడత మీద వేలు పెట్టి రాసి చూశాను. నున్నగా గాజులా ఉంది.

తాత్పర్యం

వాయిద్యగాళ్ల మీద గౌరవంతో వేసిన బొమ్మే, కాదనను. రంగులు బాగున్నాయి, హాలుకు నిండుగానూ ఉంది. తెలంగాణలో పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చిందంటే, రాయడానికి ఒక పేరు ఉండబట్టే గదా. ఇక్కడ ఆ వీలు లేదు. పోస్టరు మొత్తం మీద మనిషి పేరు ఒక్కటే, కింద కుడి మూల, చీమ తలంత అక్షరాల్లో. అది బొమ్మ గీసినవాడిది.

మేనల్లుడు ఇంకో కాపీ తెప్పించి మదురైలో పెదనాయన ఇంటికి పంపుతానంటున్నాడు. కాబట్టి అచ్చు వేసేవాళ్లకు ఒక విన్నపం. వంకర పుల్ల ఒకటి గీయండి. మడతలు తీసేసి ఆ చోట నాలుగు పేర్లు, నాలుగు ఊళ్లు వేయండి. చోటు చాలకపోతే ‘మాత్రమే’ తీసేయండి.