దండెపుతీగ మాహాత్మ్యము

ఏ లోహపు తీగయైనను ఏంటెన్నాయే యను సిద్ధాంతమొకటి మన నవీన రేడియో సాధకులలో వేదవాక్యమువలె చెల్లుబడి యగుచున్నది. సిద్ధాంతమున దోషము లేదు. విద్యుదయస్కాంత తరంగములు సోకినపుడు ఏ తీగయందైనను ఎంతో కొంత ప్రవాహము కలుగుట నిక్కమే. ఆ లెక్కను బట్టలారవేయు దండెము, బావి బొక్కెన, పెండ్లినాటి ఇనుప మంచము సమస్తమును ఏంటెన్నాలే. ఏది దేనికి ఏంటెన్నా యని మాత్రము అడుగరాదు, అడిగినవాడు నాస్తికుడు.

ఐరోపాలో కంప్యూటరుపై టెలివిజను చూచుకొనుటకై బొటనవ్రేలంత పరికరమొకటి పుట్టెను. దానిలోని ఆర్‌టీఎల్2832యూ చిప్పు, తాను పట్టిన సంకేతమును అంకెలుగా మార్చి ఉన్నదున్నట్లు కంప్యూటరున కప్పగింపగలదని 2012 ప్రాంతమున ఔత్సాహికులు కనిపెట్టిరి. నాటినుండి అది సాఫ్ట్‌వేర్ రేడియో. ఆర్820టీ ట్యూనరు తోడైనచో సుమారు 24 మెగాహెర్ట్‌జులు మొదలు 1,700 పైచిలుకు వరకు దాని యేలుబడియే. ఇంతటి సామ్రాజ్యమునకు దండెపుతీగ యొక్కటి చాలుననుటలోనే మనవారి ప్రతిభ.

హైదరాబాదున నాకొక మిత్రుడు గలడు. ఆయన డాబామీది 20 మీటర్ల దండెమును, ఆరవేసిన చొక్కాలనైన దింపకుండ, రిసీవరునకు తగిలించి, నడుమ యాంప్లిఫయరు నొకదానిని జొనిపి, తెరమీది ఆకుపచ్చ గీత కొండవలె పైకి లేచుట కాంచి, "చూచితివటోయి, సిగ్నలెంత పెరిగెనో!" యని కేకవేసెను. లేచినది సిగ్నలు కాదు, రొద. ఇంటిలోని ఎల్‌ఈడీ దీపములు, ఫోను చార్జర్లు, పొరుగింటివారి టీవీ వెలువరించు గోలనంతయు ఆ తీగ భక్తితో సేకరించి తేగా, యాంప్లిఫయరు దానిని కూడ హెచ్చవేసెను. సోలెడు బియ్యమున సోలెడు బెడ్డలు కలిపి తవ్వ నిండినదని సంతసించువానితో వాదమేల? సంకేతమునకును రొదకును గల నిష్పత్తియే ముఖ్యమని చెప్పబోతిని. "నీకు కన్నుకుట్టినది" అనెను.

పిమ్మట జరిగినది మహాద్భుతము. విమానములవారు మాటలాడుకొను స్థానమున, 118 మెగాహెర్ట్‌జులకు పైని, సినిమాపాట వినవచ్చెను. పైలట్లు గగనమార్గమున పాటలు పెట్టుకొనుచున్నారని ఆయన నిర్ణయించెను. ఆ రిసీవరు ప్రతి శాంపిలును ఎనిమిది బిట్లతో, అనగా 256 మెట్లలో మాత్రమే కొలుచును. ఊరిలోని ఎఫ్‌ఎం స్టేషన్ల ప్రబల ప్రసారములు ట్యూనరు నుక్కిరిబిక్కిరి చేసి, ఆ మెట్లన్నిటిని ఆక్రమించుకొనగా, లేనిచోట్ల వాటి దయ్యములు వెలయును. వివిధ భారతి తన 102.8 మెగాహెర్ట్‌జులపై బుద్ధిగా కూర్చుండియే యున్నది. దానిని విమాన మెక్కించిన పుణ్యము యాంప్లిఫయరుది. దానిని తీసివేసి, ఎఫ్‌ఎం ఫిల్టరు తగిలింపుమంటిని. తగిలించినచో కొండ తగ్గునట!

కొలబద్ద యను వస్తువొకటి లోకమున గలదని వీరి కెవ్వరు చెప్పుదురు? రష్యావారి మెటియోర్ ఉపగ్రహములు 137 మెగాహెర్ట్‌జుల చెంత పంపు మేఘచిత్రములను పట్టుటకు, సుమారు 53 సెంటీమీటర్ల కడ్డీలు రెంటిని 120 డిగ్రీల కోణమున నేలకు సమాంతరముగా నుంచిన చాలును. 1090 మెగాహెర్ట్‌జులపై విమానములు తమ యునికిని చాటుకొనుట వినుటకు 7 సెంటీమీటర్ల కడ్డీయే యెక్కువ. అచ్చట 20 మీటర్ల తీగ ఏ దిక్కున వినునో, ఏ దిక్కున చెవిటిదగునో దానికే తెలియదు.

ఇక పండితుల తెగ వేరు. రిసీవరు 50 ఓములు, టీవీ కేబులు 75 ఓములు. ఈ వైషమ్యమును తలచి వారికి నిద్రపట్టదు. దానివలన వెనుకకు మరలు శక్తి నూటికి నాలుగు పాళ్లు, అనగా పోవునది డెసిబెల్లులో అయిదవ వంతైన కాదు. అందులకై విదేశపు కేబులు తెప్పించి, ఏంటెన్నాను మాత్రము ఇనుప బీరువా వెనుక నిలిపెదరు.

మొన్న సాయంకాలము మా మిత్రుని వీధియంతట కరెంటు పోయెను. ల్యాప్‌టాపు బ్యాటరీపై నడచుచుండెను. తెరమీది కొండ చరచర దిగజారి మైదానమాయెను. శంషాబాదున దిగనున్న విమానపు పైలటు కంఠము, ప్రక్కగదిలోనివాని మాటవలె, స్పష్టముగా వినబడెను. కరెంటు రాగానే అది మునిగిపోయెను. విమానము దిగిపోయినదని మా మిత్రుడు వివరించెను. కొండ మరల లేచినది గనుక ఆయనకు విచారమేమియు కలుగలేదు.